తైజీలో ఒక పొద్దున

జపాన్‌లో ఒసాకా నుంచి తైజీకి ఎక్స్‌ప్రెస్ రైల్లోనే మూడున్నర గంటల పైన పట్టింది. రానూపోనూ టికెట్టు డబ్బుతో మా వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి ఫ్లైట్లో వెళ్లి రావచ్చు. మూడు వేల మంది ఉండే ఊరికి అంత ఖర్చెందుకని ఆఫీసులో అడిగారు. ‘ద కోవ్’ చూశాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే వెళ్లాను. 2010లో ఆస్కార్ వచ్చిన డాక్యుమెంటరీ అది. ఉత్తుత్తి బండరాళ్లలో కెమెరాలు దాచి, ఇక్కడ డాల్ఫిన్లను ఎలా చంపుతారో తీశారు. నేనది చూడడానికి ముందు ఏడాదే మా పాపని డాల్ఫిన్ షోకి తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆ సంగతే నన్ను తినేస్తోంది.

మొదటి రోజంతా వాన. రాత్రి బస చేసిన ఇంట్లో పెద్దావిడ భోజనం తెచ్చింది. అన్నం, సూపు, కాల్చిన చేప. పక్కన చిన్న పింగాణీ గిన్నెలో నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు ముక్కలు, పైన తురిమిన అల్లం. ఏమిటని అడిగితే “గొందో” అంది. అంటే పైలట్ వేల్. పేరుకి తిమింగలమే గానీ డాల్ఫిన్ కుటుంబంలోదే. చేతులు జోడించి వద్దన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, గిన్నె తీసేసి ఉడికించిన గుమ్మడికాయ పెట్టింది. చిన్నప్పుడు ఇది ఇష్టంగా తినేవాళ్లమని, ఇప్పుడు మనవలకి మాత్రం పెట్టనని ఫోన్లో అనువాదం పెట్టుకుని చెప్పింది. ఎందుకని అడిగితే ఒకటే మాట: “సుయిగిన్.” పాదరసం. చిన్న చేపని పెద్ద చేప, దాన్ని డాల్ఫిన్ తింటూ పోతే సముద్రంలోని పాదరసమంతా చివరికి ఆ గిన్నెలోకే చేరుతుంది. ఈ మాంసం స్కూలు భోజనంలో వద్దని ఈ ఊరి కౌన్సిలర్లిద్దరు ఆ చిత్రంలో గట్టిగా చెప్పారు. మినమాట అనే ఊళ్లో పాదరసం చేరిన చేపలు తిన్నవాళ్లు ఏమైపోయారో 1956 నుంచీ చూస్తున్న దేశం ఇది!

తెల్లారకుండానే హతాజిరి ఒడ్డుకి నడిచాను. రోడ్డు పక్కనే చిన్న ఇసుక తీరం. వేసవిలో పిల్లలు ఈత కొట్టేదీ, సెప్టెంబరు నుంచి డాల్ఫిన్లను తరిమి వలేసి మూసేదీ ఇక్కడే. పడవల పక్కన ఇనప గొట్టాలు నీళ్లలోకి దింపి సుత్తులతో బాదుతారు. చప్పుడే చూపుగా బతికే జీవి, ఆ మోతకి దిక్కుతోచక ఒడ్డువైపు పరుగెడుతుంది. చూడముచ్చటైనవాటిని షోల కోసం ఏరి, చాలా వాటిని చంపుతారు. బతికున్నదానికి లక్షన్నర డాలర్ల దాకా, చచ్చినదానికి ఆరు వందలు అని ఆ చిత్రంలో చెప్పిన లెక్క. అంటే ఈ వేటని నిలబెడుతున్నది మాంసం కాదు, నాలాంటివాళ్లు కొన్న టికెట్లు. మన దేశం 2013లోనే డాల్ఫిన్ పార్కులు వద్దంది. అందుకు గర్వంగా ఉంది.

భీమిలిలో నాన్న స్నేహితుడు ఒకాయన బోటు సరంగు. డాల్ఫిన్లు కనిపిస్తే ఇంజన్ తగ్గించి, బోటు అంచు మీద అరచేత్తో మెల్లగా తట్టేవాడు, దగ్గరికొస్తాయని. నిజంగానే వచ్చేవి.

తొమ్మిది దాటాక పడవలు ఒక్కొక్కటే, దూరదూరంగా తిరిగొచ్చాయి. మంద దొరికితే వరస కట్టి వస్తాయట. సుత్తి చప్పుడు లేదు. పాపకి ఫోన్ చేసి, ఇవాళ ఒక్కటీ దొరకలేదమ్మా అన్నాను.

“మరి రేపు, నాన్నా?” అంది.