నాలుగో మాట

మధ్యాహ్నం రెండు దాటితే మా మందుల షాపులోకి ఈగ కూడా రాదు. తెనాలి ఎండకి జనం బయటకి రారు, డాక్టర్లు భోజనాలకి వెళ్ళిపోతారు. నాలుగింటి దాకా నాదే రాజ్యం. మెడికల్ రెప్‌లు జనవరిలో ఇచ్చిపోయే డైరీలు ఇప్పటికి ఐదు పోగయ్యాయి. కథలు వాటిలోనే రాస్తాను. పేజీ అడుగున ఏదో షుగరు బిళ్ళ ప్రకటన ఉంటుంది, దాని పాపాన దాన్ని వదిలేస్తాను.

మొదట్లో ‘కథ రాయాలి’ అనుకుని కూర్చునేవాణ్ణి. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, చివరికి స్టాకు పుస్తకం ముందేసుకునేవాణ్ణి. నెట్‌లో అభ్యాసాలు దొరుకుతాయంటే చూశాను. ‘బయట మంచు కురుస్తోంది, తలుపు ఎవరో కొట్టారు’ అట. నేను పుట్టి బుద్ధెరిగాక మంచంటే ధనుర్మాసంలో పొద్దున్నే పట్టే పొగమంచే. ఆ తలుపు నాకు తెరుచుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు మా నాన్న సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని అష్టావధానానికి తీసుకెళ్ళడం. పద్యాలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు గానీ, ఎనిమిది మంది చుట్టూ చేరి ఒక్క మనిషిని ఇబ్బంది పెట్టడం మాత్రం భలే ఉండేది. ఒకాయన పొంతన లేని నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. దత్తపది. ఇంకొకాయన, అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఫలానా అక్షరం రాకూడదని అడ్డుపడతాడు. నిషిద్ధాక్షరి. పద్యం నా వల్ల కాదు, గణాలు లెక్కపెట్టేలోపు ఎవరో ఒకరు దగ్గు మందుకి వస్తారు. ఆ అడ్డంకుల్ని మాత్రం వచనంలోకి తెచ్చుకున్నాను.

మా షాపు కుర్రాడే పృచ్ఛకుడు, అంటే అవధానిని అడిగేవాడు. “ఒరేయ్, నాలుగు మాటలు చెప్పరా” అంటే ఫోన్లోంచి తల ఎత్తకుండానే చెప్పేస్తాడు. మొన్న ఇచ్చినవి: గొడుగు, చిల్లర, రైలు గేటు, ఇడ్లీ పిండి. పది నిమిషాలకి అలారం పెట్టాను. మొదటి మూడూ వాటంతటవే కథలో సర్దుకున్నాయి. వాన పడుతోంది, గేటు పడింది, ఆటోవాడు చిల్లర లేదన్నాడు. ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. ఇడ్లీ పిండి దగ్గర పెన్ను ఆగింది. రాత్రి తొమ్మిదింటికి, ఆటోలో, ఆవిడ ఒళ్ళో పిండి గిన్నె ఎందుకుంది? ఎవరింటికి పట్టుకెళ్తోంది? పిండి తీసుకెళ్తోందంటే రేప్పొద్దున్న టిఫిను అక్కడే, అంటే రాత్రికి తిరిగి రాదు. మరి ఆ ఇంటివాళ్ళు రమ్మన్నారా, తనే వెళ్తోందా? గేటు ఎంతకీ లేవదు. పిండి పొంగి మూత పక్కనుంచి చీర మీదకి దిగుతోంది.

అలారం మోగినా ఆపలేదు. అప్పట్నుంచీ మొదటి మూడు మాటల మీద నాకు పెద్ద ఆశ ఉండదు. కుర్రాడు నాలుగోది ఎంత వంకరగా ఇస్తే అంత సంతోషం.

ఇక నిషిద్ధం. అక్షరాలు కాదు, మాటలు నిషేధించుకుంటాను. మా వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ వినే ఒక ప్రశ్న ఉంది: “ఇవి వాపసు తీసుకుంటారాండీ?” కొన్నిసార్లు డాక్టరు మందు మార్చి ఉంటాడు. కొన్నిసార్లు ఆ మందుతో ఇంట్లో ఎవరికీ ఇక పనుండదు. దాన్నే మొదటి వాక్యంగా పెట్టుకుని రాశాను. మొదటిసారి రాసింది చూడండి: ‘ఆయన కళ్ళు చెమర్చాయి. నా గుండె బరువెక్కింది. పాపం, ఎంత బాధ పడుతున్నాడో!’ ఛీ అనిపించింది. కళ్ళు, గుండె, పాపం, బాధ, చావు, ఏడుపు, మౌనం, ఈ ఏడూ నిషిద్ధమని పేజీ పైన రాసుకుని మళ్ళీ మొదలుపెట్టాను:

‘కవరులోంచి మూడు స్ట్రిప్పులు తీసి కౌంటరు మీద పరిచాడు. రెండు నిండుగా ఉన్నాయి. మూడోదాంట్లో నాలుగు బిళ్ళలు లేవు. “ఇది తీసుకోరులెండి” అని తనే పక్కకి జరిపాడు. దాని వెనక స్కెచ్ పెన్నుతో “రాత్రి” అని ఉంది. అది నా రాతే. రెండింటి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. మూడోది జేబులో పెట్టుకుని వెళ్ళాడు.’

గొప్పగా ఉందని కాదు. కానీ ఆ ‘రాత్రి’ అన్న మాట, గుండె బరువెక్కించే వీలుంటే నాకు తట్టేదే కాదు.

సమస్యాపూరణం, అంటే పొంతన లేని పాదం ఒకటిస్తే దానికి అర్థం కుదిరేలా పద్యం పూర్తిచెయ్యడం, అది కూడా చేస్తుంటాను గానీ కొంచెం మార్చుకున్నాను. మా ఊరి పేరున్న కవి గారి చాటువు తెలుసుగా, ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట. ఆటపట్టించడానికి అడిగినవాడికి అదే పాదంతో తిట్టు అంటించాడనీ, రాజు అడిగితే పాండవులు విరాటుడి కొలువులో చేరిన సంగతి చెప్పాడనీ కథ. అలాగే నేనూ ఒకే వాక్యాన్ని ఇద్దరికి రాస్తాను. ఒకసారి మా బావమరిదికి చెప్తున్నట్టు, ఒకసారి మా పెద్దమ్మకి చెప్తున్నట్టు. బావమరిదికి రాసినవి ఎప్పుడూ పొడుగు, సగం గొప్పలే. పెద్దమ్మకి రాసినవాటిలో అబద్ధం వెంటనే దొరికిపోతుంది.

నిజం చెప్పాలంటే ఐదు డైరీల్లో కథ అని చెప్పుకోదగ్గవి రెండే. మిగతావన్నీ ముక్కలు. ‘ఈ ముక్కలన్నీ ఏం చేసుకుంటావు?’ అని మా ఆవిడ అడిగింది. స్వరాలు పాడే పిల్లల్ని ఎవరూ అలా అడగరు, నన్నే అడుగుతారు. ఆవిడా పూర్తిగా తప్పు కాదనుకోండి. ముక్కలు రాయడం మరిగి, పెద్ద కథ దగ్గర కూర్చోవాల్సిన రోజున కూడా ‘ఒరేయ్, నాలుగు మాటలు’ అంటున్నాను.

ఇవాళ వాడిచ్చినవి: మామిడి తాండ్ర, ఇన్వర్టరు, పాత చెక్కు, బొటనవేలు. మూడూ యాభై అయింది. బొటనవేలు ఎవరిదో ఇంకా తేలలేదు. “బాబాయ్, గ్యాస్ బిళ్ళంట” అంటున్నాడు కుర్రాడు. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి కూడా ఒకాయన ఉంటాడు, మాకు ఊరంతా ఉంది.