పెన్నీ వసూలుతో మొదలైన పలకరింపు

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్ స్టేషన్‌లో దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. అన్న గొడుగు తెచ్చుకున్నారు, నేను తెచ్చుకోలేదు. అన్న అంటే తోడబుట్టినవారు కాదు. పదేళ్లుగా ఒకే చర్చి సంఘంలో ఉన్నాం, అలా పిలవడం అలవాటైపోయింది. మెథడిస్టు క్రైస్తవ ఉద్యమాన్ని నడిపిన బోధకుడు జాన్ వెస్లీ కట్టించిన న్యూ రూమ్ అనే మందిరం చూడాలన్నది అన్న కోరిక. నేను తోడుగా వెళ్లానంతే.

తీరా వెళ్తే దాన్ని దాటిపోయాం. చుట్టూ షాపింగ్ వీధులు, సంచులు మోసుకుంటూ పోయే జనం. గుర్రమెక్కిన వెస్లీ విగ్రహం కనబడ్డాక గానీ వెనక్కి తిరగలేదు. 1739లో మొదలుపెట్టిన ఈ మందిరం ప్రపంచంలోని మెథడిస్టు మందిరాలన్నిటిలోకీ పాతది. తలుపు దాటితే వీధి సందడి ఆగిపోయింది. కింద కిటికీలు లేవు. బయట అల్లరిమూకలు రాళ్లు విసిరే కాలం మరి. వెలుతురంతా పైనున్న ఎనిమిది పలకల గాజు గూడులోంచి దిగుతోంది. ప్రసంగ వేదిక రెండంతస్తులు. మేడ మీద గదులు ఊరూరా తిరిగే బోధకులు బస చేసినవి.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఈ మందిరం అప్పు. 1742 ఫిబ్రవరి 15న ఆ అప్పు ఎలా తీర్చాలా అని కూర్చుని మాట్లాడుకున్నారట. సభ్యులందరూ వారానికి ఒక పెన్నీ, అంటే ఒక చిన్న నాణెం, ఇద్దాం అన్నారు కెప్టెన్ ఫోయ్ అనే ఆయన. చాలామంది అదీ ఇచ్చుకోలేరు అన్నారు ఇంకొకరు. అయితే అందరిలోకీ పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం నేనే వెళ్లి అడుగుతాను, ఇవ్వలేకపోతే వాళ్ల వంతు కూడా నేనే వేస్తాను అన్నాడాయన. అలా పన్నెండేసి మంది చొప్పున గుంపులు ఏర్పడ్డాయి. వాటికే క్లాసులని పేరు.

పెన్నీ కోసం గడప తొక్కినవాళ్లకు ఇంట్లో సంగతులు కనబడ్డాయి. ఒకచోట తాగుడు, ఇంకోచోట మొగుడూ పెళ్లాల గొడవ. చందా వసూలు చేసేవాళ్లు మెల్లగా కాపరులయ్యారు. తర్వాత ఇల్లిల్లూ తిరిగే బదులు అందరూ వారానికోసారి ఒకచోట కూడడం మొదలైంది. చర్చి కమిటీల్లో కూర్చున్నవాళ్లకు ఇక్కడ నవ్వొస్తుంది. లెక్క తేలకపోతే తప్ప మనం మాత్రం ఎవరి గుమ్మమైనా ఎక్కుతామా?

గాజు పెట్టె ముందు అన్న చాలాసేపు నిలబడిపోయారు. అందులో క్లాసు టికెట్లున్నాయి, అరచేతిలో సగానికి సరిపోయే కాగితం ముక్కలు. ఒక వాక్యం అచ్చేసి ఉంది, కింద పేరు చేత్తో రాసి ఉంది. సిరా గోధుమరంగుకు తిరిగింది. మూడు నెలలకోసారి కొత్త టికెట్ ఇచ్చేవారు. నడత బాగోలేకపోతే టికెట్ దక్కదు. నాకది కాస్త కఠినంగానే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

క్లాసులకన్నా చిన్న గుంపులు బ్యాండ్లు. వాటి నియమాలు 1738 డిసెంబరు నాటివి. కలిసిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉన్నాయి. పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపాలేమిటి? ఏయే శోధనలు ఎదురయ్యాయి? ఎలా బయటపడ్డావు? చదువుతుంటే అరిచేతులు చెమటపట్టాయి. ఎలా ఉన్నావని సంఘంలో ఎవరడిగినా ‘ప్రభువు కృపలో బాగున్నానండీ’ అనేసి కుర్చీ వెతుక్కునే రకం నేను. యాకోబు పత్రికలో ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమన్న మాట ఎన్నిసార్లు చదివానో. ఆ ‘ఒకరు’ ఎవరో మాత్రం ఎప్పుడూ వెతుక్కోలేదు.

“ఇలా నిలదీస్తే ఎవరుంటారన్నా?” అన్నాను.

ఆయన ఇంకో నియమం గుర్తుచేశారు. ముందు ఒకరు తన స్థితి తాను చెప్పుకోవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లను అడగాలి. నేను ఆ ముక్క పట్టించుకోకుండా ప్రశ్నల దగ్గరే బెదిరిపోయాను.

తిరుగు రైలు కిటకిటలాడుతోంది. బాత్ దాటాక ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. స్విండన్ దాకా మాటల్లేవు. అప్పుడు కిటికీ వైపు చూస్తూనే అన్నారు అన్న.

“తమ్ముడూ, మా తమ్ముడితో మాట్లాడి రెండేళ్లయింది. ఆస్తి గొడవ. చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె తీసుకుంటున్న ప్రతిసారీ వాడే గుర్తొస్తాడు.”

అంత పెద్దమనిషి అలా అంటారని అనుకోలేదు. ఓదార్పు వాక్యం ఏదైనా చెబుదామని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. డిడ్‌కాట్ వచ్చింది. నా సంగతి అడుగుతారేమోనని టెన్షన్. ఆయన అడగలేదు, అలాగే కూర్చున్నారు. రెడింగ్ రాకముందే నేనే చెప్పాను. బైబిల్ అయితే రోజూ తెరుస్తున్నాను. వేలు పేజీ మీద ఉంటుంది, కళ్లు ఫోన్ మీద ఉంటాయి. ఆరు నెలలుగా ఇదే వరస.

“గురువారం రాత్రి ఫోన్ చేస్తాను. ఏం చదివావో చెప్పు. మా వాడికి ఫోన్ చేశానో లేదో నువ్వూ అడుగు.”

మొదటి గురువారం ఆయనే చేశారు. రెండు కీర్తనలు చదివానని చెప్పాను. ఆయన మాత్రం తమ్ముడికి ఇంకా చేయలేదట. రెండో గురువారం తొమ్మిదిన్నర అయినా ఫోన్ రాలేదు. నేనే చేశాను.