మిక్సీ అడుగున నాలుగో స్క్రూ
మిక్సీని బోర్లించి చూస్తే మూడు స్క్రూలు మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌కే లొంగాయి గానీ, రబ్బరు బుష్ వెనుక దాగిన నాలుగోదాని తల ఆరు కోణాల నక్షత్రం ఆకారంలో ఉంది, దాని నడిమధ్యన ఆవగింజంత బొడిపె కూడా ఉంది.

ఆ బొడిపె ఉంటే మామూలు టార్క్స్ బిట్ (ఇలాంటి నక్షత్రం తల స్క్రూలను విప్పే స్క్రూడ్రైవర్ మొన) లోపలికి దిగదు, మధ్యలో రంధ్రమున్న బిట్టే కావాలి. 1967లో వచ్చిన ఈ నక్షత్రాకారం, బిట్ జారకుండా ఉండేందుకు పుట్టింది. బొడిపె మాత్రం మనబోటి వాళ్లు విప్పకుండా పెట్టిందే!

హార్డ్‌వేర్ షాపు నుంచి సరైన బిట్ తెచ్చినా తుప్పు వల్ల స్క్రూ కదలలేదు. అంచున తుప్పు వదిలించే నూనె వేసి, కాసేపాగి, ముందు బిగించే వైపు కొద్దిగా కదిపి, తరువాత గట్టిగా అదిమిపట్టి ఎడమవైపు తిప్పితే కిర్రుమంటూ వచ్చింది.

లోపల మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు దాదాపు పూర్తిగా అరిగిపోయాయి. రేపు కొత్త జత తేవాలి.