పెదవులు కదలకుండా

ఇవాళ సాయంత్రం విజయవాడలోనే, సత్యనారాయణపురంలో మా ఆడపడుచు వాళ్ళబ్బాయి పుట్టినరోజు. కేక్ కొయ్యకముందు మాట్లాడే బొమ్మ ప్రోగ్రాం పెట్టారు, అదే, ఒకాయన పెదవులు కదపకుండా మాట్లాడుతుంటే బొమ్మే మాట్లాడినట్టుండేది. పిల్లలంతా బొమ్మ వంక చూస్తుంటే నేను మాత్రం ఆ ఆడించే ఆయన నోరే చూస్తూ కూర్చున్నాను, అదేం బుద్ధో. పెదవులు కలపకుండా ప, బ, మ పలకడం కుదరదు కదా, అందుకని అవి వచ్చినచోట త, ద, న లాంటివి నాలుకతో లాగించేస్తారు, ఆ వేగంలో మన చెవే సర్దుకుపోతుంది. బొమ్మ "అమ్మా" అన్నప్పుడల్లా నాకు "అన్నా" అనే వినబడింది. హ్యాపీ బర్త్‌డే దగ్గరకొచ్చేసరికి ఆయన గడుసుగా పిల్లలందరి చేతా గట్టిగా పాడించేశాడు, ఆ గోలలో బొమ్మ ఏం పాడిందో ఎవరికి తెలుసు!

ఆటోలో వస్తూ కథల్లో ఉండే ఇలాంటి వాళ్ళ గురించే, అంటే వెంట్రిలోక్విస్టుల గురించే ఆలోచన. 1798లో అమెరికాలో చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ రాసిన 'వీలాండ్' నవలలో కార్విన్ అని ఒకడుంటాడు, తన గొంతుని ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు వినిపించగలడు. ఆ ఇంట్లో గొంతులు వినబడుతుంటాయి, చివరికి వీలాండ్ దేవుడే చెప్పాడనుకుని భార్యనీ పిల్లల్నీ చంపేస్తాడు. కొన్ని గొంతులు నావేనని కార్విన్ ఒప్పుకుంటాడు, చంపమన్నది మాత్రం నేను కాదంటాడు. అందులో అసలు బొమ్మే లేదు. 1976లో విలియం గోల్డ్‌మన్ 'మ్యాజిక్' నవల రాసేనాటికి బొమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. నన్నడిగితే బొమ్మ లేని గొంతుకే ఎక్కువ భయమేస్తుంది.

అయినా నవలలో ఈ విద్య భలే చవక. పెదవులు కదల్లేదని ఒక్క ముక్క రాస్తే చాలు, నమ్మేస్తాం. నిజంగా కష్టపడింది మన సంస్కృత కవి దండి. దశకుమారచరితంలో మంత్రగుప్తుడి పెదవిని ప్రియురాలు కొరికేస్తుంది, పాపం ఆ నొప్పికి పెదవులు కలపలేక తన కథంతా ప, ఫ, బ, భ, మ లేకుండానే చెప్పుకొస్తాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు ఇంకాస్త ముందుకెళ్ళి ఏకంగా రామాయణమే అలా రాశాడు, రాముడి పేరులోనే మ పెట్టుకుని! కావ్యం పేరు 'దశరథరాజనందన చరిత్ర'. పైకి చదివి చూడండి, ఎక్కడా పెదవులు తగలవు.

నేనూ ఇందాక డైరీలో అలా ఒక్క వాక్యం రాద్దామని కూర్చున్నాను. "ఇంటికి చేరాక" దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత రాయాల్సింది "మా ఆయన".