చూడకుండా చెయ్యి పోవాల: మేడ గదిలో నా స్టీరింగ్ పని

జనవరి, రెండో వారం

మూడేళ్లుగా ఇంట్లో సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో కారు రేసుల గేమ్) ఆడుతున్నా. నా దగ్గరున్న పాత స్టీరింగ్‌కి ముందు ఆరు బటన్లు, వెనక రెండు ప్యాడిల్స్ (రెక్కల్లాంటి మీటలు) ఉన్నాయి. గేర్లు మార్చడానికి అవి చాలు. కానీ అసెట్టో కోర్సా కాంపిటీజియోనె అనే గేమ్‌లో జీటీ3 రకం రేసు కారు ఎక్కితే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు ఊరికే జారి తిరగకుండా ఆపేది), ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా ఆపేది), బ్రేక్ బ్యాలెన్స్ (బ్రేకు బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచేది), ఇంజన్ మ్యాప్ (ఇంజన్ శక్తి సెట్టింగ్) అన్నీ ల్యాప్ మధ్యలోనే మార్చుకోవాలి. ఇన్నాళ్లూ ఎడమ చెయ్యి వదిలేసి కీబోర్డు తడుముకుంటున్నా. ఆ అరక్షణంలోనే కారు గడ్డిలోకి పోతోంది. అందుకే బటన్లున్న వీల్ ఒకటి సొంతంగా చేసుకుందామని కూర్చున్నా. చేసినదంతా ఇక్కడ రాసిపెడుతున్నా, ఇంకెవరైనా మొదలుపెడితే పనికొస్తుందని.

ముందు టీవీ డబ్బా అట్ట మీద ఆకారం గీశాను. వెడల్పు 280 మి.మీ., ఎత్తు 170. ప్యాడిల్స్‌తో కలిపి 16 బటన్లు, తిరిగే ఎన్‌కోడర్లు (ఎటైనా క్లిక్కు క్లిక్కుగా తిరుగుతూనే ఉండే నాబ్‌లు) నాలుగు, 12 స్థానాల రోటరీ స్విచ్ (ఒక్కో స్థానంలో ఆగే నాబ్) ఒకటి. మొత్తం 21. అట్టని రెండు చేతులతో పట్టుకుని గంటసేపు ఊరికే తిప్పుతూ కూర్చున్నా. బొటనవేలు ఎంత దూరం అందుతుందో పెన్నుతో గుర్తు పెట్టుకున్నా. ఈ పనిని ఎవరూ వదిలేయొద్దు. స్కెచ్‌లో బాగా కనిపించిన మూడు బటన్లు నా వేలికి అసలు అందలేదు.

గీస్తున్నప్పుడే ఒక ప్రశ్న పట్టుకుంది. అసలు ఇన్ని బటన్లు రేసు కారు స్టీరింగ్ మీదికి ఎలా ఎక్కాయి? 1980లలో ఫార్ములా వన్ స్టీరింగ్ అంటే గుండ్రటి చక్రం, దాని మీద ఒకటో రెండో బటన్లు. 1989లో జాన్ బర్నార్డ్ డిజైన్ చేసిన ఫెరారీ 640తో గేర్ మార్చే ప్యాడిల్స్ చక్రం వెనక్కి వచ్చాయి. ఆ కారు మొదటి రేసు బ్రెజిల్‌లో. ఫెరారీ డ్రైవర్ నైజెల్ మాన్సెల్ మధ్యలో పిట్‌లోకి (రేసు మధ్యలో కార్లు ఆగే జట్టు చోటు) వచ్చి స్టీరింగ్ చక్రాన్నే మార్పించుకుని, మళ్లీ వెళ్లి ఆ రేసు గెలిచాడు. ఆ తర్వాత 2009లో కెర్స్ (బ్రేకింగ్ శక్తిని దాచి మళ్లీ వాడుకునే ఏర్పాటు) వచ్చింది, 2011లో డీఆర్ఎస్ (వెనక రెక్క తెరిచి వేగం పెంచుకునేది). 2014లో హైబ్రిడ్ ఇంజన్లతో బ్యాటరీని ఎప్పుడు నింపాలి, ఎప్పుడు వాడాలి అన్న లెక్క కూడా స్టీరింగ్ మీదికి చేరింది.

ఇవన్నీ ఒక ఎత్తు. నా దృష్టిలో అసలు కారణం వేరే. 2002లో పిట్ గోడ దగ్గర కూర్చున్న ఇంజనీర్లు నడుస్తున్న కారు సెట్టింగులను అక్కడి నుంచే మార్చే వీలుండేది. 2003 నుంచి దాన్ని నిషేధించారు. కారులోని సెన్సర్ల సమాచారం పిట్‌కి వస్తుంది, కానీ పిట్ నుంచి కారులో దేన్నీ కదపకూడదు. ఇంజనీరు స్క్రీన్ చూసి ఫలానా మోడ్ పెట్టు అని రేడియోలో చెప్పగలడు. తిప్పాల్సింది మాత్రం డ్రైవర్ వేలే. 2016లో కొన్ని నెలలు ఆ చెప్పడాన్ని కూడా బాగా కట్టడి చేశారు. అప్పుడే అజర్‌బైజాన్‌లోని బాకూ రేసులో మెర్సిడెస్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ ఇంజన్ సెట్టింగ్ ఒకటి తప్పుగా ఉండిపోయింది. ఏది తిప్పాలో చెప్పమని అతను అడుగుతుంటే చెప్పడానికి జట్టుకి అనుమతి లేదు. ఐదో స్థానంలో ముగించాడు. ఆ జులై చివర్లో ఆ ఆంక్షల్లో ఎక్కువ భాగం ఎత్తేశారు.

ఫిబ్రవరి

కాలేజీ రోజుల ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసి వాడుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) నా దగ్గర ఉంది, కానీ అది నేరుగా కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపించదు. ఎటిమెగా32యు4 చిప్ ఉన్న బోర్డు కావాలి. అలాంటి బోర్డుల్లో లియోనార్డో కొంచెం పెద్దది, వీల్ వెనక పట్టదు. చిన్నదైన ప్రో మైక్రో తెప్పించాను. దానికి వాడుకోదగ్గ పిన్నులు 18. లెక్క ఇలా వేశాను: 16 బటన్లని నాలుగు వరసలు, నాలుగు నిలువుల మ్యాట్రిక్స్‌గా (గళ్లలా అల్లిన వైరింగ్) కలిపితే 8 పిన్నులు. నాలుగు ఎన్‌కోడర్లకి తలా రెండు, అంటే ఇంకో 8. రోటరీ స్విచ్‌కి ఒక అనలాగ్ పిన్ను (వోల్టేజీని అంకెగా చదివేది). మొత్తం 17. ఒకటి మిగిలింది.

మ్యాట్రిక్స్‌లో ప్రతి బటన్‌కీ ఒక 1ఎన్4148 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) వేయండి. తర్వాత వేద్దాంలే అని నేను మొదట వదిలేశా. మూడు బటన్లు ఒకేసారి నొక్కితే నొక్కని నాలుగోది కూడా నొక్కినట్టు వచ్చింది. ఒక ఆదివారమంతా అన్నీ విప్పి మళ్లీ టంకం పెట్టుకోవాల్సి వచ్చింది.

రోటరీ స్విచ్‌కి 12 స్థానాల మధ్య 11 రెసిస్టర్లు, అన్నీ ఒక కిలో ఓమ్‌వి, వరసగా కలిపాను. ఒక కొస ఐదు వోల్టులకి, రెండో కొస గ్రౌండ్‌కి. 0 నుంచి 1023 వరకు వచ్చే రీడింగ్ ఒక్కో స్థానానికి దాదాపు 93 చొప్పున మారుతుంది. నాబ్ ఒక స్థానం నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు మధ్యలో పిన్ను గాల్లో ఉంటుంది కాబట్టి పిచ్చి అంకెలు వస్తాయి. రీడింగ్ 30 మిల్లీ సెకన్లు కదలకుండా నిలబడితేనే లెక్కలోకి తీసుకునేట్టు కోడ్ మార్చాను. ఆ తర్వాత ఒక్క తప్పు రాలేదు.

మార్చి

ఎండలు మొదలయ్యాయి. మా గది మేడ మీద, రేకుల షెడ్డు పక్కన. టంకం పెట్టేటప్పుడు ఫ్యాన్ వేస్తే ఐరన్ మొన చల్లారుతుంది, ఆపితే చెమట బోర్డు మీద పడుతుంది. తెల్లవారి ఐదు నుంచి ఏడు వరకే పని పెట్టుకున్నా. జిగురు గన్‌తో అంటించిన రెండు స్విచ్‌లు మధ్యాహ్నం వేడికి కదిలిపోయాయి. మన ఊళ్లో ఈ పనికి జిగురు గన్ వద్దు. నట్లు, వాషర్లే వాడండి.

ముందు ప్లేటుకి 3 మి.మీ. యాక్రిలిక్ వాడితే స్క్రూ బిగించగానే రంధ్రం దగ్గర పగులు వచ్చింది. తిలక్ రోడ్ వైపు సైన్‌బోర్డులు చేసే షాపులో 5 మి.మీ.ది కోయించాను. పాత రిమ్ విప్పి, హబ్ మీది ఆరు రంధ్రాలకి సరిపోయేట్టు దాన్ని బిగించా. పాత ప్యాడిల్స్‌నే వెనక అమర్చాను. చిల్లర కొట్టు కాటా మీద మొత్తం 640 గ్రాములు తూగింది.

కేబుల్ విషయంలో నేను చేసిన తప్పు చెప్పాలి. వీల్ తిరుగుతుంది కాబట్టి చుట్టలు చుట్టలుగా ఉంటే బాగుంటుందని పాత ల్యాండ్‌లైన్ ఫోన్ రిసీవర్ వైరు వాడాను. దానిలో నాలుగు తీగలు, యూఎస్‌బీకి కావాల్సిందీ నాలుగే. కలిపితే పనిచేసింది కూడా. కానీ పది నిమిషాలకోసారి కనెక్షన్ పోయి మళ్లీ వస్తోంది. డేటా తీగలు రెండూ ఒకదానికొకటి మెలేసి, చుట్టూ షీల్డ్ ఉండాలి. ఫోన్ వైరులో ఆ రెండూ లేవు. మామూలు యూఎస్‌బీ కేబుల్‌ని వీల్ రెండు వైపులా తిరిగేంత వదులుగా కట్టాక ఆ బాధ పోయింది.

ఏప్రిల్: ఎన్‌కోడర్ల గొడవ

ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ నేర్పింది ఇదే. ఎన్‌కోడర్ ఒక క్లిక్ తిరిగితే గేమ్‌కి ఒక బటన్ నొక్కి వదిలినట్టు చెప్పాలి. జాగ్రత్త కోసం 50 మిల్లీ సెకన్లు నొక్కి, 30 వదిలేట్టు పెట్టాను. వంద క్లిక్కులు తిప్పితే వందా లెక్కకి వచ్చాయి. సంతోషంగా ట్రాక్ మీదికి వెళ్లా. బ్రేక్ బ్యాలెన్స్ ఐదు క్లిక్కులు టకటకా వెనక్కి తిప్పి, నేరుగా బ్రేక్ తొక్కాను. ముందు చక్రాలు లాక్ అయ్యాయి. ఒక్కో క్లిక్‌కి 80 చొప్పున ఐదు క్లిక్కులు గేమ్‌లోకి చేరడానికి 400 మిల్లీ సెకన్లు పడుతున్నాయి. గంటకి 200 కిలోమీటర్ల వేగంలో ఆ లోపు కారు 22 మీటర్లు పోతుంది. నా చెయ్యి పని ముగించాక కూడా సెట్టింగ్ ఇంకా మారుతూనే ఉంది.

తగ్గిద్దామని 25 నొక్కి, 10 వదిలేట్టు మార్చాను. ఈసారి వంద క్లిక్కుల్లో 83 మాత్రమే వచ్చాయి. గేమ్ సెకనుకి 60 సార్లు చూస్తుంది, అంటే దాదాపు 17 మిల్లీ సెకన్లకోసారి. వదిలిన సమయం అంతకన్నా తక్కువైతే రెండు నొక్కుళ్లు ఒకటే అనుకుంటుంది. నొక్కినది 20, వదిలినది 20 పెట్టాక వందకి వంద వచ్చాయి, ఐదు క్లిక్కులు 200 మిల్లీ సెకన్లలో అయిపోయాయి. ఫ్రేమ్ రేటు తక్కువగా ఉన్న కంప్యూటర్ అయితే ఈ అంకెలు పెంచుకోండి.

మే మొదటి వారం

మా మామయ్య చిత్తూరు నుంచి వచ్చారు. ఏళ్ల తరబడి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. వీల్ చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, వేళ్లతో బటన్లన్నీ ఒకసారి తడిమారు.

"అన్నీ ఒకే మాదిరి ఉండాయి కదా నాయనా. మలుపులో దీన్ని ఎట్లా చూస్తావు?"

"అలవాటైతే తెలుస్తుంది మామా" అన్నాను.

"అలవాటు సరే. మంచు పట్టినప్పుడు మేం రోడ్డు మీద నుంచి కన్ను తియ్యలేదు. చూడకుండా చెయ్యి పోవాల. వేలికి తెలియాల."

ఆ రాత్రే పరీక్ష పెట్టుకున్నా. నా కళ్లకి తువ్వాలు కట్టుకున్నా, చెల్లెలు పేరు పిలుస్తుంది, నేను నొక్కాలి. 40 సార్లలో 13 తప్పులు. నాలుగు నెలలు నా చేత్తో నేను చేసుకున్న వీల్ మీద ఇన్ని తప్పులు.

అక్కడి నుంచి బటన్లు తీసేయడం మొదలైంది. 21 కంట్రోల్స్‌ని 12కి తెచ్చాను: ప్యాడిల్స్‌తో కలిపి 8 బటన్లు, 3 ఎన్‌కోడర్లు, ఆ రోటరీ. ఒక ల్యాప్‌లో రెండుసార్లయినా వాడనిది కీబోర్డుకి వెళ్లిపోయింది. ఎన్‌కోడర్లకి మూడు రకాల నాబ్‌లు వేశాను: ఒకటి గళ్లున్నది, ఒకటి నున్నటిది, బ్రేక్ బ్యాలెన్స్‌ది మిగతావాటికన్నా 5 మి.మీ. ఎత్తు. రేడియో బటన్ మీద ఒక పూస అంటించా.

పిట్ లిమిటర్ (పిట్‌లో కారు వేగం హద్దు దాటకుండా పట్టి ఉంచే బటన్) ఇంకో సమస్య. మలుపులో బొటనవేలు జారి రెండుసార్లు నొక్కుకుపోయింది. స్ట్రెయిట్ మీద కారు ఒక్కసారిగా కుంటుపడింది. కరెంటు వైరింగ్‌కి వాడే 20 మి.మీ. పీవీసీ పైపుని 6 మి.మీ. ముక్క కోసి, ఎం-సీల్‌తో ఆ బటన్ చుట్టూ గోడలా కట్టాను. ఇప్పుడు కావాలని వేలు లోపలికి దించితే తప్ప నొక్కుకోదు.

ఆ గోడ ఆరుతుండగా 2021 బాకూ రేసు మళ్లీ చూశాను. రెడ్ ఫ్లాగ్‌తో రేసు ఆపేశాక రెండు ల్యాపుల కోసం మళ్లీ స్టార్ట్ ఇచ్చారు. హామిల్టన్ ముందు వరసలో ఉన్నాడు. మొదటి మలుపులో ముందు చక్రాలు లాక్ అయి నేరుగా బయటికి పోయాడు, 15వ స్థానంలో ముగిసింది. నెమ్మదిగా తిరిగే ల్యాపుల్లో ముందు బ్రేకులు, టైర్లు వేడెక్కించడానికి బ్రేకింగ్ మొత్తాన్ని బాగా ముందుకి తోసే స్విచ్ ఒకటి ఉంది. చెయ్యి తగిలి అది ఆన్ అయిపోయింది. చూసిన రోజున అంత గొప్ప డ్రైవర్ ఇంత చిన్న తప్పు ఎలా చేశాడా అనుకున్నా. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మూడు వందల కిలోమీటర్ల వేగంలో, గ్లౌజులు వేసుకుని, ఆ చేతులు ఎన్ని పనులు చేస్తున్నాయో 12 కంట్రోల్స్‌తోనే నాకు తెలిసింది.

జూన్

తువ్వాలు పరీక్ష మళ్లీ పెట్టాను. 40కి 4 తప్పులు. నాలుగూ కుడివైపు కింది రెండు బటన్ల మధ్యే. వాటి మధ్య దూరం 18 మి.మీ. ఉంది, 26 చేయాలి. అంటే కొత్త ప్లేటు.

2026 ఫార్ములా వన్ రూల్స్ కూడా చదువుతున్నా. డీఆర్ఎస్ పోయి ముందు రెక్క, వెనక రెక్క రెండూ కదిలేట్టు చేశారు. ఎలక్ట్రిక్ మోటారు శక్తిని 120 కిలోవాట్ల నుంచి 350కి పెంచారు. శక్తి ఎక్కడ దాచుకోవాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి అనేది మునుపటికన్నా పెద్ద పని. 2023 ఫిబ్రవరిలో నారాయణాద్రి ఎక్కి హైదరాబాద్ వెళ్లి, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూశాను. ఆ కార్లకి వెనక చక్రాలకి మామూలు బ్రేకులే లేవు, మోటారుతోనే ఆపాలి. ఈ లెక్క డ్రైవర్‌కి భారమని కొందరు అంటారు. నాకు మాత్రం అది డ్రైవింగ్‌లో భాగమే అనిపిస్తుంది, వేలికి తెలిసేట్టు అమర్చినంత కాలం.

కొత్త ప్లేటు డ్రాయింగ్ షాపుకి ఇచ్చేశాను, శనివారం ఇస్తామన్నారు. ఆలోగా ప్యాడిల్స్‌లో మైక్రోస్విచ్‌లకి తోడు చిన్న అయస్కాంతాలు పెట్టి, నొక్కినప్పుడు టక్‌మని తెలిసేట్టు చేయాలి. 8 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్నవి నాలుగు తెచ్చుకున్నా. ఎదురెదురుగా రెండు పెడితే మరీ గట్టిగా పట్టేస్తున్నాయి. ఒకవైపు అయస్కాంతం, ఇంకోవైపు ఇనుప స్క్రూ తల పెట్టి చూస్తా.