గేటు తీసేదాకా

రాత్రి తొమ్మిదింబావుకి దోర్నాల చేరాం. శ్రీశైలం ఘాటు గేటు తొమ్మిదికే వేసేస్తారని తెలుసు. తెలిసీ కనిగిరిలో భోజనానికి గంటన్నర కూర్చున్నాం. ప్లేటుకి 150 తీసుకుని, రెండోసారి రసం అడిగితే మొహం అదోలా పెట్టిన హోటలు అది. నెల్లూరు నించి ఆత్మకూరు, పామూరు, కనిగిరి, మార్కాపురం మీదుగా వచ్చిన దారి గురించి రాయడానికేం లేదు. గుంతలు యాడున్నాయో ఆ దారిన తిరిగేవాళ్లకి నాకంటే బాగా తెలుసు. శ్రీశైలంలో రెండు రోజులున్నాం, దర్శనం బాగా అయింది. చెప్పాల్సిందల్లా ఉదయం ఆరింటికి గేటు తీసేదాకా ఒక రేకు డబ్బాలో నలుగురం ఎలా పడుకున్నామన్నదే.

డబ్బా అంటే బొలెరో వెనక తగిలించిన ట్రైలరు. పొడవు 12 అడుగులు, వెడల్పు 6, లోపల ఎత్తు 6. నెల్లూరులోనే బాడీ కట్టించాం. మన దగ్గర బాడీ కట్టేవాళ్ల ధ్యాసంతా ఉక్కపోత మీదే. గోడల్లో అంగుళం థర్మాకోల్ పెట్టారు, పైన ఎగ్జాస్టు ఫ్యాను పెట్టారు, నాలుగు వైపులా బస్సుల్లో ఉండే జరుపుడు అద్దాలు పెట్టారు. అడుగున మాత్రం చాసిస్ మీద 12 ఎం.ఎం. ప్లై పరిచి వదిలేశారు. "కింద నించి ఎండ కొట్టదు కదన్నా" అని మేస్త్రి చెప్పిన సమాధానం అప్పుడు సబబుగానే తోచింది. డిసెంబరు రాత్రి నల్లమల అంచున ఆ ప్లై మీద ఉత్తి కాలు పెట్టి చూస్తే తెలిసింది, చలి వచ్చేది కింద నించే అని.

థర్మామీటరు ఒకటి ఎప్పుడూ గోడకి ఉంటుంది, తేమ కూడా చూపించేది. పది గంటలకి బయట 17, లోపల 19. తేమ 70 శాతం.

గేటుకి కాస్త ఇవతల టీకొట్టు అవ్వ మమ్మల్ని చూసి జాలిపడింది. "ఆ రేకు డబ్బాలోనా పడుకునేది? పిలకాయలు బిగుసుకుపోతారు నాయనా. బొగ్గులిస్తా, కుంపట్లో ఏసుకుని లోపల పెట్టుకోండి." మా బావకి ఆ మాట తెగ నచ్చింది. పొగ రావడం లేదు, ఎర్రగా కణకణలాడుతున్నాయి, ఇంకేం భయం అని ఆయన లెక్క. పొగ లేని నిప్పుతోనే అసలు ప్రమాదం. కట్టె మండితే కళ్లు మండి మనిషి లేస్తాడు. కణకణలాడే బొగ్గు మూసిన చోట సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ వదుల్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, మత్తు, ఈ మూడింటినీ మనవాళ్లు ప్రయాణపు బడలిక అనుకుని పడుకుంటారు, మళ్లీ లేవరు. కుంపటి బయటే పెట్టుకుని చేతులు కాచుకున్నాం, అంతవరకే. గ్యాసు పొయ్యి వెలిగించి ఉంచుదామన్నా అదే గొడవ, దానికి తోడు ఇంకోటి: కిలో గ్యాసు కాలితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. చిన్న మంటలో గంటకి నూటయాభై గ్రాములు కాల్చామనుకుంటే, పావు లీటరు నీళ్లు లోపల చల్లినట్టే.

కరెంటు హీటరు సంగతి లెక్కేస్తే తేలిపోతుంది. వెయ్యి వాట్ల హీటరు ఇన్వర్టరు నష్టంతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ నించి 90 ఆంపియర్లకి పైగా లాగుతుంది. మా లెడ్ బ్యాటరీ 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), అందులో సగం కంటే దించకూడదు. అరగంటలో అయిపోతుంది.

ఇంతకీ లోపల హీటరు లేదని ఎవరన్నారు? నిద్రపోయే మనిషి ఒంటి నించి 70, 80 వాట్ల వేడి వస్తుంది. నలుగురం కలిసి 300 వాట్లు. ఆ 300ని బయటికి పోనీకుండా పట్టుకోవడమే పని.

ముందు బండి తిప్పాం. పల్లంలో ఆపి ఉంది. రాత్రిపూట కొండ మీది చల్లగాలి నీళ్లలాగే జారి పల్లంలో నిలుస్తుంది. పది గజాలు మెరక మీదికి లాగి, గాలి ట్రైలరు ముక్కుకి తగిలేట్టు పెట్టి, చక్రాలకి రాళ్లు వేశాం. తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు.

తర్వాత కింద గాలి ఆపాలి. చుట్టుకొలత 36 అడుగులు. వడ్లు ఆరబోసుకునే పట్టాలు రెండున్నాయి మా దగ్గర, వాటిని మధ్యకి మడిచి చాసిస్ కొక్కేలకి కట్టి, నేల మీద పడ్డ అంచు మీద రాళ్లు పెట్టాం. కింద గాలి దూరకుండా నిలబడితే చాలు, నేల నించి వచ్చే వేడి కూడా కొద్దిగా ఉంటుంది. ఇలా కట్టాక బండి ఇంజను మాత్రం ఆన్ చెయ్యకూడదు, పొగ పట్టా కిందికి దూరితే ప్లై సందుల్లోంచి లోపలికే వస్తుంది. వరిగడ్డి మోపులు పేర్చే అలవాటు కూడా కొందరికుంది, వెచ్చగా ఉంటుంది గానీ సైలెన్సరు దగ్గర, కుంపటి దగ్గర గడ్డి పెట్టేవాడి ధైర్యం నాకు లేదు.

ఇంతలో పెద్దోడు పొయ్యి కింద ఉన్న రెండు కంతల్లో తువ్వాలు కుక్కేశాడు. రూపాయి బిళ్లంత కంతలవి, వాటిలోంచి గాలి సూదిలా కాలికి తగుల్తోంది నిజమే. "రేయ్, అవి మూయబాక!" అని బావ అరిచాడు. గ్యాసు గాలికంటే బరువు, లీకయితే నేలనంటి పాకుతుంది, బయటికి పోయే దారి అదొక్కటే. మూయకుండా గాలి తగ్గించాలంటే కంతకి రెండంగుళాల ఇవతల రేకు ముక్క అడ్డం నిలబెట్టాలి. గాలి దానికి కొట్టుకుని పక్కలకి పోతుంది, కంత కంతలాగే ఉంటుంది. ఆ రాత్రికి అన్నం తినే పళ్లెం నిలబెట్టాం. పైన ఫ్యాను మూత కూడా ఒక అంగుళం తీసే ఉంచాలి. గ్యాసు అలారం నేలకి అడుగు ఎత్తులో, కార్బన్ మోనాక్సైడ్ అలారం తలగడ ఎత్తులో. మోనాక్సైడ్‌ది 1,850 పెట్టి కొన్నప్పుడు ఇంట్లో అందరూ తిట్టారు.

పడక దగ్గర అందరూ చేసే పొరపాటు పైన రెండు కప్పుకోవడం. ఒంటి బరువుకి నాలుగంగుళాల ఫోమ్ అణిగి పల్చనైపోతుంది, చలి అక్కడ ఎక్కుతుంది. రెండో దుప్పటి కిందికి పోవాలి. అవ్వ భుజాన గొంగళి చూసి బావ "మా నెల్లూరు గొర్రెల ఉన్నేనా?" అన్నాడు. నెల్లూరు గొర్రెకి ఒంటి మీద పొట్టి వెంట్రుకలే గానీ ఉన్ని ఉండదు. అది మాంసానికి పెంచే జాతి. గొంగళి దక్కనీ గొర్రెది. తడి పట్టినా వెచ్చదనం అంతగా పోని బట్ట అది, మనం పుట్టిన జిల్లా దాన్ని ఇవ్వలేదు, ఏం చేస్తాం.

అవ్వ పొయ్యి మీదే నాలుగు లీటర్ల నీళ్లు కాచి రబ్బరు సంచుల్లో పోసుకున్నాం. టీతో కలిపి 100 తీసుకుంది, ఖరీదే అయినా ఆ రాత్రికి అంతకంటే లాభసాటి బేరం ఇంకోటి లేదు. మరుగుతున్నవి పొయ్యకూడదు, సంచి మూడింట రెండు వంతులే నింపి, గాలి పిండి బిరడా బిగించాలి. పాదాల దగ్గర ఒకటి పెట్టుకుంటే మూడు నాలుగు గంటలు నిలుస్తుంది.

పక్కనే హైదరాబాద్ వ్యాను ఒకటి ఆగింది, దాని కింద నించి టిక్, టిక్ అని చప్పుడు. డీజిల్ హీటరు. ఆయన లద్దాఖ్ దాకా పోయొచ్చినోడు, అడక్కుండానే అన్నీ చూపించాడు. రెండు కిలోవాట్లది, గంటకి 100 నించి 250 మిల్లీలీటర్లు తాగుతుంది. కాల్చుకునే గాలి బయట నించే లాక్కుంటుంది, పొగ బయటికే వదుల్తుంది, లోపలికొచ్చేది వేడిగాలి మాత్రమే. కుంపటికీ దానికీ తేడా అదే. వెలిగేటప్పుడు నాలుగైదు నిమిషాలు 8, 10 ఆంపియర్లు లాగి, తర్వాత ఒకటీ రెండుకి దిగుతుంది. చాలామంది దాన్ని పాడుచేసేది రెండు విధాల. ఆపగానే బ్యాటరీ తీసేస్తారు, చల్లారేదాకా ఫ్యాను తిరగకపోతే లోపలి భాగాలు మాడతాయి. లేదా ఎప్పుడూ తక్కువ మీదే పెడతారు, మసి పడుతుంది, అందుకని రోజూ చివర్లో పావుగంట ఎక్కువ మీద నడపాలి. లద్దాఖ్‌లో మన వంట సిలిండరు కూడా మొండికేస్తుందట. నిజమే, అందులో బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. డీజిలూ గడ్డకడుతుంది, అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పారే చలికాలపు డీజిలు అక్కడ తెచ్చింది. నెల్లూరోళ్లకి, ఏడాదికి రెండు రాత్రుల చలికి, ఆ హీటరు దండగ అనే నా అభిప్రాయం.

రెండింటికి మెలకువ వచ్చింది. బయట 14, లోపల 18. పట్టా, మనుషులు, నీళ్ల సంచులు కలిసి నాలుగు డిగ్రీలు నిలబెట్టాయి. తేమ మాత్రం 80 దాటింది. ఆ లెక్కన పద్నాలుగున్నర డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు కడుతుంది. టార్చి వేసి చూస్తే గోడ మీద నిలువు గీతల్లో బొట్లు, స్కేలు పెట్టి గీసినట్టు, రెండడుగులకొకటి. మధ్యలో అంతా పొడి. ఆ గీతల వెనక ఉన్నవి స్క్వేరు పైపులు. థర్మాకోల్ పైపుల మధ్యలోనే ఉంది, బయటి రేకు చలి ఇనుము పట్టుకుని నేరుగా లోపలి ప్లైకి వచ్చేస్తోంది. మేస్త్రి ఎక్కడ పైపు తగ్గించాడో కూడా ఆ బొట్లు చెప్పేశాయి. పైపు మీద ఐదు ఎం.ఎం. ఫోమ్ టేపు వేసి ఆపైన ప్లై కొడితే ఈ గొడవ ఉండదు. బాడీ కట్టించుకునేవాళ్లు ఇది ఒక్కటి పట్టుబట్టండి.

అద్దాలకి షెడ్ల కింద వాడే వెండి రంగు బుడగల షీటు కోసి పెట్టుకున్నాం. దాన్ని అద్దానికి అంటించేస్తే పెద్దగా లాభం లేదు. మధ్యలో ముప్పావంగుళం గాలి ఉండాలి. ఫ్యాను మూత ఇంకో అంగుళం తీసి, కంప్యూటర్లో ఉండే చిన్న 12 వోల్టుల ఫ్యాను దానికి వేలాడగట్టి బయటికి తిప్పితే, గంటకి తేమ 72కి దిగింది. వేడి ఒక డిగ్రీ తగ్గింది, పొడి గాలి కాబట్టి ఎవరికీ తెలియలేదు. అది తాగే కరెంటు రెండు మూడు వాట్లు.

తెల్లారి పరుపు ఎత్తితే అసలు సంగతి బయటపడింది. పిల్లల పరుపు అడుగంతా తడి. ఒంటి ఆవిరి ఫోమ్‌లోంచి దిగి చల్లటి ప్లై మీద నీరయింది. ఇప్పుడు దాని కింద కొబ్బరి పీచు చాప పరిచాం, గాలి ఆడుతుంది. చాసిస్ కింద అంగుళం ఎక్స్‌పీఎస్ షీటు (నీళ్లు పీల్చని గట్టి ఫోమ్) వేయించాం, కూలితో కలిపి 5,500 అయింది. అక్కడ థర్మాకోల్ పెట్టినా రోడ్డు నీళ్లకి నానుతుంది, ఎలకలు వదలవు.

ఆ పొద్దున మాత్రం చేసేదేం లేక పరుపు బొలెరో టాపు మీద కట్టి లైనులో నిలబడ్డాం. గేటు దగ్గర మనిషి రసీదు రాస్తూ పైకి చూశాడు, తడి మరక చూశాడు, లోపల పిల్లల్ని చూశాడు.

"ఏంది అబ్బాయా, రాత్రి పక్క తడిపారా?"

పెద్దోడు తొమ్మిదో తరగతి. సున్నిపెంట దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.