పాలు, మీగడ, కార్న్‌ఫ్లోర్ లేకుండా కార్తీకం కూరగాయల సూప్‌లు

దసరా దాటాక బజారులో గుమ్మడికాయలు గుట్టలు పడతాయి. తొలకరికి పెట్టిన తీగల మీద కాయ ముదిరి కోతకొచ్చేది ఈ రోజుల్లోనే. దాని వెంట చిలగడదుంప, లేత సొరకాయ, ముల్లంగి, ఉసిరికాయ వస్తాయి. వీటితో సూప్ పెట్టేవాళ్ళ దగ్గర నేను తరచూ వినే మాట ఒకటుంది: "నీళ్ళగా, చప్పగా వచ్చింది, అందుకే కాస్త మీగడా కార్న్‌ఫ్లోరూ కలిపాం." నా అనుభవంలో ఆ రెండూ అక్కర్లేదు. చిక్కదనానికి కావలసిందంతా కూరగాయలోనే ఉంటుంది. ముందే గిన్నెడు నీళ్ళు పోసి ఉడికించడం వల్ల దాన్ని పోగొట్టుకుంటున్నాం, అంతే.

గుమ్మడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నీళ్ళ లెక్క అర్థం కావడానికి అంతకంటే మంచి కాయ లేదు. తియ్య గుమ్మడిలో నూటికి తొంభై పాళ్ళు నీరే. దాన్ని మళ్ళీ నీళ్ళలో ఉడికిస్తే తీపి, వాసన, రంగు అన్నీ పల్చబడిపోతాయి. ఆ తరవాత ఎన్ని మిరియాలు వేసినా నాలుక్కి తెలిసేది మిరియాలే, గుమ్మడి కాదు.

కాయ కొనేటప్పుడు తొడిమ ఎండి గట్టిపడిందో లేదో చూడండి. గోటితో గిచ్చితే తొక్క దిగకూడదు. పరిమాణానికి మించిన బరువు ఉండాలి. కోసి అమ్మే ముక్కయితే లోపలి రంగు ముదురు నారింజగా ఉండాలి, గింజల చుట్టూ పీచు తడిగా ఉన్నా జిగురుగా ఉండకూడదు. జిగురు పట్టిందంటే కోసి చాలాసేపయిందని. లేత పసుపు రంగు కాయ కూరకీ పులుసుకీ సరిపోతుంది గాని సూప్‌కి తీపి చాలదు.

నలుగురికి కిలో ముక్క తీసుకుంటాను. చెక్కూ గింజలూ తీసేస్తే సుమారు 750 గ్రాములు మిగులుతుంది. అంగుళం ముక్కలు కోసి, రెండు చెంచాల నువ్వుల నూనె పట్టించి, ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 200 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాలుస్తాను. సగంలో ఒకసారి తిరగెయ్యాలి. ఓటీజీ లేకపోతే ఇనప మూకుడు చాలు. పెద్ద సెగ మీద, ముక్కకీ ముక్కకీ ఎడం ఉండేలా రెండు మూడు వాయలుగా వేయించి, అంచులు గోధుమరంగు తిరిగాక సెగ తగ్గించి మెత్తబడనివ్వాలి. మూకుడు నిండా ఒకేసారి పోస్తే కాయలోంచి వచ్చిన నీటిలోనే ముక్కలు ఉడికిపోతాయి, వేగవు. ఉప్పు కూడా ఈ దశలో వెయ్యను, వేస్తే నీరు తొందరగా ఊరుతుంది. కాలిన తరవాత తూస్తే 500 గ్రాముల దగ్గర ఉంటుంది. ఆ పోయిన 250 గ్రాములూ దాదాపు అంతా నీరే. సూప్ రుచి సగం ఇక్కడే తేలిపోతుంది.

నూనె పూర్తిగా మానెయ్యమని ఎవరైనా చెబితే వినకండి. గుమ్మడికి ఆ రంగునిచ్చే బీటా కెరోటిన్ మన ఒంటికి పట్టాలంటే కొద్దిగా కొవ్వు కావాలి. రెండు మూడు చెంచాలు నలుగురికి ఎక్కువేం కాదు.

ముక్కలు కాలేలోపు రెండో పొయ్యి మీద సూప్‌లో కలిపే చారునీళ్ళు (స్టాక్) తయారవుతాయి. గుమ్మడి గింజల చుట్టూ ఉండే పీచు పారెయ్యకండి, అందులో చాలా వాసన ఉంటుంది. గింజలు విడదీసి ఆ పీచు, గుప్పెడు కొత్తిమీర కాడలు, చితక్కొట్టిన అంగుళం అల్లం, చెంచా ధనియాలు, అర చెంచా మిరియాలు, 700 ఎంఎల్ నీళ్ళు కలిపి సన్న సెగ మీద 25 నిమిషాలు ఉంచి వడకడితే 500 ఎంఎల్ దాకా దిగుతుంది. క్యారెట్ చెక్కు, టమాటా తొడిమ దగ్గరి ముక్కలు ఉంటే వేసుకోవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ కాడలు మాత్రం వద్దు. అవి ఎక్కువసేపు మరిగితే గంధకపు వాసన వదులుతాయి, అది ఇక పోదు. బీట్‌రూట్ చెక్కు వేస్తే రంగంతా మారుతుంది.

కార్తీకంలో చాలా ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. అందుకని ఈ సూప్‌ని మొదటినుంచీ అవి లేకుండానే కట్టుకోవడం మంచిది. వాటి చోటు ఇంగువ తీసుకుంటుంది. వేడి నూనెలో శనగగింజంత ఇంగువ కరిగితే ఉల్లి ఇచ్చే లోతు వస్తుంది. పొడి ఇంగువలో చాలావరకు గోధుమపిండో మరో పిండో కలిపి ఉంటుంది, గోధుమ పడనివాళ్ళు డబ్బా మీద చూసుకోవాలి.

కాలిన గుమ్మడికే మంచి చిక్కదనం ఉన్నా, భోజనానికి సరిపోవాలంటే మాంసకృత్తులు కావాలి. కూరగాయల సూప్ ఒక్కటే తాగి పడుకుంటే రెండు గంటలకే ఆకలేస్తుంది. నేను 30 గ్రాముల పెసరపప్పు దోరగా వేయించి, 250 ఎంఎల్ నీళ్ళతో కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తాను. పప్పు వేళ్ళ మధ్య నలిపితే ఏమీ మిగలకూడదు. పలుకు ఉంటే మిక్సీ ఎంత తిప్పినా సూప్ నాలుక్కి ఇసకలా తగులుతుంది. పెసరపప్పు బదులు ఎర్ర మైసూరుపప్పు కూడా బాగుంటుంది, వేయించనక్కర్లేదు. కందిపప్పు వెయ్యకండి. అది ఎంత మంచిదయినా సూప్‌ని పప్పుచారు చేసేస్తుంది.

రుబ్బేటప్పుడు ఒక జాగ్రత్త ముఖ్యం. మరుగుతున్నదాన్ని మిక్సీలో పోసి తిప్పితే ఆవిరి ఒక్కసారిగా పుట్టి మూత ఎగరగొడుతుంది, చేతులూ మొహమూ కాలతాయి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, జార్‌లో మూడో వంతు మాత్రమే వేసి, ముందు ఆపి ఆపి తిప్పాలి. చారునీళ్ళు కూడా ఒకేసారి పొయ్యకూడదు. కొద్ది తడితో ముద్దగా రుబ్బితేనే మెత్తగా వస్తుంది, పల్చగా ఉంటే ముక్కలు బ్లేడుకి అందకుండా తేలుతూ తిరుగుతాయి. గుమ్మడి, పప్పు మెత్తబడ్డాక గిన్నెలోకి తీసి 350 ఎంఎల్ చారునీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతాను. గరిటె ముంచి తీస్తే వెనకవైపు పల్చటి పూత నిలవాలి, వేలితో గీస్తే గీత కలిసిపోకూడదు. దానికంటే గట్టిగా ఉంటే మిగిలిన చారునీళ్ళు ఉన్నాయి కదా. జల్లెడ పట్టి వడకట్టకండి. పీచంతా జల్లెడలో ఉండిపోతుంది, మనకి కావలసిందే అది.

ఇప్పుడు ఉప్పు. ఈ కొలతకి తల కొట్టిన చెంచా, అంటే 5 గ్రాములు చాలు. మనిషికి గ్రామున్నర కూడా పడదు. పెద్దలకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది గుర్తుంచుకుంటే ఇది సరైన కొలత. ఉప్పు చాలలేదనిపిస్తే తొందరపడకండి. తియ్య కూరగాయల సూప్‌లో లోటు చాలాసార్లు ఉప్పుది కాదు, పులుపుది.

ఆ పులుపు కోసం ఈ నెలలో ఉసిరిని మించింది లేదు. ఒక పెద్ద కాయ తురిమి పిండితే రెండు చెంచాల రసం వస్తుంది. ముందు ఒక చెంచా వేసి కలిపి రుచి చూసి, రెండోది వెయ్యాలో వద్దో తేల్చుకోండి. నిమ్మకి లేని వగరు ఉసిరికి ఉంది, అది గుమ్మడి తీపిని పట్టి ఆపుతుంది. పొయ్యి మీద ఉండగా మాత్రం వెయ్యొద్దు. వేడికి ఉసిరిలోని సి విటమిన్ కొంత పోతుంది, పైగా కొబ్బరిపాలు ఉంటే విరుగుతాయి. గిన్నె దించి రెండు మూడు నిమిషాలు ఆగి కలపాలి.

కొబ్బరిపాలు ఉండి తీరాలని లేదు. పిల్లలు తాగాలంటే 80 ఎంఎల్ చిక్కటి మొదటి పాలు పోస్తాను. అరచిప్ప పచ్చికొబ్బరి అర కప్పు గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బి పిండితే అంత వస్తుంది. పోశాక సన్న సెగ మీద అంచుల్లో బుడగలు లేచేవరకే ఉంచాలి. తెర్లనిస్తే నూనె విడిపోయి పైకి తేలుతుంది. కొబ్బరిలో కొవ్వు ఎక్కువని అనుకునేవాళ్ళు చెంచా తెల్ల నువ్వులు వేయించి ముద్దతో పాటే రుబ్బితే సరి.

పోపు చివర్లోనే. చెంచా నువ్వుల నూనెలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అర చెంచా. విడదీసి పెట్టిన గుమ్మడి గింజలు కడిగి ఆరబెట్టి, మూకుట్లో సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి పైన చల్లుకుంటే కొరకడానికి బాగుంటాయి. తడిగా వేస్తే పైతొక్క మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

చిలగడదుంప దారి వేరు. రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ అనేది ఇదే. దీనిలో తీపి పుట్టేది ఉడికేటప్పుడే. దుంపలోని ఒక ఎంజైమ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. ఆ పని జరిగేది సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య. కుక్కర్‌లో ఆ వేడిని నిమిషాల్లో దాటేస్తాం కాబట్టి దుంప ఉడుకుతుంది గాని అంత తియ్యబడదు. తొక్కతోనే, కొయ్యకుండా ఓటీజీలో 160 డిగ్రీల దగ్గర గంటన్నర పెట్టినా, మూతపెట్టిన మందపాటి గిన్నెలో సన్న సెగ మీద నెమ్మదిగా కాల్చినా ఎంత తేడానో నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. అయితే మధుమేహం ఉన్నవాళ్ళకి చేసేటప్పుడు ఈ తీపి పెంచే పద్ధతి మానేసి, దుంప తగ్గించి పప్పు పెంచడమే నయం.

దీన్ని మిక్సీలో ఎక్కువసేపు తిప్పకూడదు. పిండిపదార్థం ఎక్కువ కాబట్టి బంకలా సాగుతుంది, ఒకసారి సాగితే నీళ్ళు పోసినా ఆ సాగుడు పోదు. పప్పుగుత్తితో మెదిపి చారునీళ్ళలో కలుపుకోవడం మేలు. 400 గ్రాముల దుంపకి 700 ఎంఎల్ చారునీళ్ళు, అంగుళం అల్లం, గుప్పెడు పాలకూర. పాలకూర చివరి రెండు నిమిషాల్లో వేస్తే రంగు నిలుస్తుంది. వానలు వెనకబడ్డ ఈ రోజుల్లో ఆకుకూరల వేళ్ళ దగ్గర బురద ఎక్కువ. మూడు నీళ్ళలో ముంచి పైనుంచి ఆకులు తీసుకోవాలి, నీళ్ళు వంచితే మట్టి మళ్ళీ ఆకుల మీదికే వస్తుంది.

సొరకాయతో చేసేటప్పుడు ఒక్క విషయం ఎప్పుడూ వదలకండి: కొయ్యగానే చిన్న పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యాలి. కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం వల్ల వచ్చే చేదు అది, ఉడికిస్తే పోదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఆసుపత్రి పాలవుతారు. గుమ్మడికీ బీరకీ ఇదే జాగ్రత్త. మంచి కాయయితే గింజలు ముదరక ముందే తొక్కతో సహా ముక్కలు కోసి, నీళ్ళు పొయ్యకుండా, చెంచా నూనెతో మూతపెట్టి మగ్గనివ్వండి. వచ్చిన నీరే సరిపోతుంది. సొరకాయకి సొంత రుచి తక్కువ కాబట్టి ఇక్కడ పెసరపప్పు రెట్టింపు, 60 గ్రాములు వేస్తాను.

ముల్లంగి చక్రాలుగా కోసి నూనెలో ఎర్రగా వేయిస్తే ఘాటు తగ్గుతుంది. మూత పెట్టకూడదు, ఆ వాసన బయటికి పోవాలి. లేత ఆకు కూడా సూప్‌లోకి పనికొస్తుంది.

మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్ళకి గుమ్మడి, చిలగడదుంప, టమాటా సూప్‌లు డాక్టర్‌ని అడగకుండా పెట్టకండి.

మిగిలిన సూప్ వెడల్పు గిన్నెలో పోసి తొందరగా చల్లార్చి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతు గిన్నెలో నడిమి భాగం చాలాసేపు వెచ్చగా ఉండిపోతుంది, పాడయ్యేది అక్కడే. మూడు రోజులు నిలవుంటుంది. ఫ్రీజర్‌లో పెట్టేదయితే కొబ్బరిపాలు, ఉసిరి రసం కలపకముందే తీసిపెట్టండి. పెసరపప్పు ఉంది కాబట్టి చల్లారితే గడ్డకడుతుంది, వేడి నీళ్ళు కొద్దిగా కలిపి ఒక పొంగు రానివ్వాలి. కావలసినంతే తీసి వేడిచెయ్యండి, మొత్తం గిన్నె పదేపదే వేడిచెయ్యొద్దు. ఒక గ్లాసు కూడా లేనంత మిగిలితే నేను దాంతో చపాతీ పిండి కలుపుతాను. పావుకిలో గోధుమపిండికి 150 ఎంఎల్ సూప్ పడుతుంది. సూప్‌లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి పిండిలో మళ్ళీ వెయ్యనక్కర్లేదు.